డ్రైవరు కోరిన డిపో

తిరుపతి స్టేషనులో దిగి గోవిందనామముతో కొండదారి పట్టు యాత్రికుడు, తన్నచ్చటికి చేర్చిన డ్రైవరును చూడడు. చూచుటకు వీలును లేదు. బండి ఆగునప్పటికి ఇంజను ప్లాట్‌ఫారము కొసనెక్కడనో ఉండును. మూటలు దించుకొనుటలో, పిల్లలను లెక్కపెట్టుకొనుటలో అటు చూపు పోదు. ఆ డ్రైవరు ఏ యూరివాడు, ఆతని సంసారమెచ్చట నున్నది, ఈ రాత్రి ఆతడు ఇంటికి పోవునా లేక రన్నింగ్ రూములో పండుకొనునా అను ప్రశ్నలు మనకు తోచనే తోచవు. అయినను రైల్వేలో ఇంజను నడుపు వారిలో ఇద్దరు కలిసినచో మొదట వచ్చు మాట వేగమును గూర్చి కాదు, జీతమును గూర్చియు కాదు, బదిలీని గూర్చియే. "ఏమన్నా, నీ పేరు యాడికొచ్చె?" అని ఒకడడుగును. "యాడికొచ్చేది బ్బా, ఆడనే ఉండాది" అని రెండవవాడు చెప్పును. ఈ 'పేరు' ఏమి, అది 'రావలసిన' చోటేది, రాకుండుటకు కారణమేమి అను సంగతులను పాఠకులకు విశదపరచుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఈ ఉద్యోగికి నేడు రైల్వేవారు పెట్టిన పేరు లోకో పైలట్. జనుల నోట ఇప్పటికిని డ్రైవరే. నేనును ఆ మాటనే వాడుదును.

ప్రతి డ్రైవరుకును ఒక డిపో కలదు. డిపో యనగా ఇంజనులు నిలుపు షెడ్డు మాత్రమే యని తలంపరాదు. ఆతని పేరు ఏ యూరి పట్టికలో నున్నదో, ఏ యూరి లాబీలో సంతకము చేసి, మద్యము సేవింపలేదని యంత్రములోనికి ఊది నిరూపించి పని నందుకొనునో, ఆ యూరు ఆతని హెడ్‌క్వార్టరు. అచ్చటనుండి బండిని నడుపుకొనిపోయి, ఆవలి కొసన రన్నింగ్ రూములో విశ్రమించి, మరియొక బండితో తిరిగివచ్చును. హెడ్‌క్వార్టరులో విశ్రాంతికొక లెక్క కలదు. ఎనిమిది గంటలు గాని అంతకు మించి గాని పనిచేసి వచ్చినవానికి 16 గంటలు, అంతకు తక్కువ పనిచేసినవానికి 12 గంటలు. పైయూరిలోనైనచో ఈ లెక్క ఎనిమిదికిని ఆరింటికిని దిగును. ఇది గాక నెలకు 30 గంటల చొప్పున నాలుగుసార్లు గాని, 22 గంటల చొప్పున ఐదుసార్లు గాని పెద్ద విశ్రాంతి ఇయ్యవలెను.

ఇప్పుడొక చిన్న లెక్క వేయుదము. డ్రైవరు డిపో గుంతకల్లు. భార్యాబిడ్డలు తిరుపతిలో నున్నారు. ఈ రెండింటి నడుమ దూరము 300 కిలోమీటర్ల పైమాట. రైలులో పోవుటకు ఆరు గంటలు, వచ్చుటకు ఆరు గంటలు అనుకొన్నను, 16 గంటల విశ్రాంతిలో మిగులునవి నాలుగు. ఆ నాలుగు గంటలలో నిద్రయెప్పుడు, భోజనమెప్పుడు, బిడ్డ చదువు సంగతి అడుగుటయెప్పుడు? కనుక ఆతడు పోడు. గుంతకల్లులో గది అద్దెకు తీసికొని అచ్చటనే పండుకొనును. 30 గంటల విశ్రాంతి వచ్చిననాడు మాత్రము ఇంటికి పోయి, పదునెనిమిది గంటలుండి తిరిగి బండి యెక్కును. ఆ పదునెనిమిది గంటలలోనే పెండ్లిండ్లు, తద్దినములు, ఆసుపత్రులు, బ్యాంకు పనులు ఇమిడిపోవలెను. అట్టివాడు నిద్ర చాలక రాత్రి బండి నెక్కినచో ఆ కష్టమాతనిది మాత్రమే కాదు, వెనుక పెట్టెలలోని వందలమందిది కూడ. బదిలీ అనునది సొంత సౌకర్యపు సంగతి యని తేలికగా తీసివేయువారు ఈ మాటను గమనింపవలెను.

డిపోలలోనును మంచి చెడ్డలు కలవు. ప్రయాణీకుల బండ్లు మెండుగా నడుచు చోట డ్రైవర్లకు 'లింకు' ఉండును. ఏ వారము ఏ నాడు ఏ బండి, ఎప్పుడు పోవలె, ఎప్పుడు రావలె అని ముందుగానే కాగితముమీద తేలియుండును. గూడ్సు డ్రైవరుకు ఈ భాగ్యము లేదు. సరకు ఎప్పుడు నిండునో, దారి ఎప్పుడు ఖాళీయగునో అప్పుడే ఆతనికి పిలుపు. సాధారణముగా రెండు గంటల ముందు పిలుతురు. పిలుపు అర్ధరాత్రి రావచ్చును; అన్నము ముందు కూర్చున్నప్పుడు రావచ్చును.

ఆ పిలుపును గూర్చి ఒక మాట. టెలిఫోను ఇంటింట లేని దినములలో 'కాల్ బాయ్' అను ఉద్యోగి యుండెడివాడు. పేరు బాయ్ అయినను కొందరు నెరసిన తలవారే. చేతిలో లాంతరు, చంకలో పుస్తకము. రైల్వే క్వార్టరుల వరుసలో తలుపులు తట్టుచు తిరుగుట ఆతని పని. డ్రైవరు లేచి, బండి నంబరు చూచుకొని, ఆ పుస్తకములో సంతకము చేసి గడియారము వంక చూచును. ఇల్లాలు పొయ్యి ముట్టించి క్యారియరు సర్దును. ఏ డ్రైవరు ఏ వీధిలో నున్నాడో, ఎవనికి జ్వరమో, ఎవడు నిన్ననే ఊరినుండి వచ్చెనో కాల్ బాయ్‌కి తెలిసినట్లు ఆఫీసువారికి తెలిసెడిది కాదు. నేడు ఆ పని సెల్‌ఫోను చేయుచున్నది. పట్టికలు కంప్యూటరులో నున్నవి. వీధి కుక్కలకు కొంత నెమ్మది కలిగినది గాని, గూడ్సు డ్రైవరుకు నిద్ర మునుపటివలెనే తెగుచున్నది.

తిరుపతి ప్రాంతపు డ్రైవరుకు ఇంటికి చేరువ డిపోలు ఏవో చూతము. రేణిగుంట పెద్ద కూడలి. అచ్చటినుండి ఒక దారి కడప మీదుగా గుత్తి, గుంతకల్లు వైపు. ఒకటి అరక్కోణము మీదుగా మద్రాసు వైపు. ఒకటి శ్రీకాళహస్తి మీదుగా గూడూరునకు. ఒకటి తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి. అరక్కోణము, కడప దారి పూర్వపు మద్రాసు రైల్వేవారి పెద్దగేజి. 1871లో రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిసినది అదియే. పాకాలనుండి మదనపల్లె రోడ్డు మీదుగా ధర్మవరమునకు పోవు దారి దక్షిణ ఇండియా రైల్వేవారు పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున వేసిన మీటరుగేజి. పాకాల ఆ దారి పుణ్యమున పెరిగిన యూరు. ఆ మీటరుగేజి తరువాతి కాలమున పెద్దగేజిగా మారినది.

ఆవిరి ఇంజనుల కాలమున డిపోలు దగ్గరదగ్గరగా నుండెడివి. దానికి కారణము మనుష్యులపై దయ కాదు, నీరు, బొగ్గు. ఇంజను కొంత దూరము పోగానే నీరు పట్టవలె, బూడిద దులుపవలె. కనుక నందలూరు వంటి చిన్న యూరిలో పెద్ద షెడ్డు వెలసినది. షెడ్డు చుట్టును డ్రైవర్లు, ఫైర్‌మన్‌లు, క్లీనర్లు, వారి కుటుంబములు, బడి, ఆసుపత్రి ఏర్పడినవి. డీజిలును, ఆ పిదప విద్యుత్తును వచ్చి ఇంజను ఆగక చాల దూరము పోగలిగినది. నందలూరు షెడ్డు మూతపడినది. యంత్రమునకు ఆగవలసిన పని తప్పినంతనే మనుష్యుని ఇల్లు దూరమైనది. ఈ సంగతిని రైల్వే చరిత్ర వ్రాయువారు అంతగా పట్టించుకొన్నట్లు కనబడదు.

ఇక బదిలీ నిబంధనలకు వత్తము. ఇది చిక్కులమయము, కొంచెము ఓపిక పట్టవలెను.

డ్రైవర్ల సీనియారిటీ పట్టిక డివిజనుకొక్కటి. గుంతకల్లు డివిజనులోని డ్రైవరులందరు ఒకే వరుసలో నుందురు. అందుచే గుంతకల్లు డిపోలోనివాడు రేణిగుంట కోరి వచ్చినచో ఆతని వరుస చెక్కుచెదరదు. ఆతడు పోగొట్టుకొనునది కాలము మాత్రమే. కోరినవారి పేర్లు రిజిస్టరులో తేదీ వరుసగా ఎక్కును. రేణిగుంటలో ఖాళీ వచ్చినపుడు మొదటివానిని పంపుదురు. ఆఫీసు భాషలో దీనికి 'నేమ్ నోటింగ్' అని పేరు. మన డ్రైవర్ల 'పేరు' ఇదియే.

గూడూరువానిని చూడుడు. గూడూరు రేణిగుంటకు ఎనుబది కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. గుంతకల్లుతో పోల్చిన పక్కింటి లెక్క. కాని గూడూరు విజయవాడ డివిజనుది. అచ్చటివాడు రేణిగుంటకు రాదలచినచో వేరొక పట్టికలోనికి రావలెను. సొంత కోరికపై వచ్చినవాడు కనుక, ఆ శ్రేణిలో అంతకుముందే యున్న వారందరి క్రిందను ఆతని పేరు చేర్తురు. పదేండ్లు పనిచేసినవాడైనను నిన్న చేరిన కుఱ్ఱవాని తరువాతనే. పింఛనుకు పాత సర్వీసు లెక్కకు వచ్చును. ప్రమోషను వరుసకు రాదు. సామాను తరలింపు ఖర్చు సైతము తనదే. ఆఫీసే పరిపాలన అవసరమునకై పంపినచో ఈ నష్టములేవియు లేవు. కోరినందుకే ఈ వెల.

అరక్కోణమువాని సంగతి ఇంకను చిత్రము. రేణిగుంటకు ఆ యూరు సుమారు అరువదియైదు కిలోమీటర్లు. 1951లో దక్షిణ రైల్వే ఏర్పడినది మొదలు ఈ రెండూళ్లును ఒకే రైల్వేలో నుండెను. 1977 అక్టోబరు 2న గుంతకల్లు డివిజనును దక్షిణ మధ్య రైల్వేలో కలిపిరి. పట్టాలు కదలలేదు, కొండలు కదలలేదు. కాని ఆ దినమునుండి అరక్కోణము, రేణిగుంట వేరువేరు రైల్వేలైనవి. డివిజను దాటుట వేరు, రైల్వే దాటుట వేరు. చిత్తూరు జిల్లాలోని కుప్పము సంగతి చూచినను ఇంతియే. జిల్లా ఒక్కటి, స్టేషను మాత్రము 2003లో ఏర్పడిన నైరుతి రైల్వేలో బెంగుళూరు డివిజనుది. రెవెన్యూవారి పటమునకును రైల్వేవారి పటమునకును పొత్తు కుదరదు.

రైల్వే దాటి కోరిక మీద పోవువానికి అన్నిటికంటె పెద్ద చిక్కు ఒకటి కలదు. అట్టి బదిలీ సాధారణముగా నేరుగా ఉద్యోగులను చేర్చుకొను శ్రేణిలో మాత్రమే సాగును. డ్రైవర్ల వృత్తిలో ఆ శ్రేణి అసిస్టెంటు లోకో పైలట్, అనగా పూర్వపు ఫైర్‌మన్ కూర్చున్న చోటు. అచ్చటినుండి షంటింగు, గూడ్సు, ప్యాసింజరు, చివరకు మెయిలు ఎక్స్‌ప్రెస్ అను మెట్లన్నియు ప్రమోషనుతో ఎక్కవలసినవే.

చంద్రగిరి వాడొకనిని ఊహింతము. 2018లో రైల్వేవారు పెద్ద ప్రకటన చేసిరి. అభ్యర్థి ఒక్క రిక్రూట్‌మెంటు బోర్డునకే దరఖాస్తు పెట్టవలెను. సికింద్రాబాదు బోర్డుకు పోటీ యెక్కువ. ఖాళీలు మెండుగా నున్న దూరపు బోర్డు మేలని మిత్రులు చెప్పిరి. మనవాడు అట్లే చేసి, ఉత్తరదేశమున ఒక బొగ్గు గనుల ప్రాంతపు డివిజనులో అసిస్టెంటుగా కుదురుకొనెను. సొంతయూరికై పేరు నమోదు చేయించెను. వరుస కదలుటకు ముందే గూడ్సు డ్రైవరుగా ప్రమోషను వచ్చెను. ఇప్పుడేమి చేయవలెను? ఏడవ వేతన సంఘపు పట్టికలో అసిస్టెంటు రెండవ స్థాయి, మొదటి జీతము 19,900 రూపాయలు. గూడ్సు డ్రైవరు ఆరవ స్థాయి, 35,400. జీతము విషయమున నిబంధనలు కొంత కాపుదల ఇచ్చినను, తిరిగి అసిస్టెంటు కుర్చీలో కూర్చుండవలెను, మైలేజి అలవెన్సు తగ్గును, ప్రమోషనుకై క్రొత్త వరుస కొసన నిలువవలెను. ప్రమోషను వద్దన్నచో తోడివారు దాటిపోవుదురు. కాదు, తీసికొందునన్నచో ఊరు దూరమగును. ఎంత ఆలస్యమైన అంత నష్టము. ఆలస్యము మాత్రము ఆతని చేతిలో లేదు. నా మట్టుకు, కోరినవాడు వరుసలో చివర నిలుచుట న్యాయమే అనిపించును. అచ్చట ఏండ్లనుండి ఎదురుచూచువారిని త్రోసి ముందుకు పోవుట తగదు. కాని పేరు నమోదైన తేదీకి అసిస్టెంటుగా నున్నవానిని, ఆఫీసు ఆలస్యముచే ఎక్కిన మెట్టునుండి దింపుట అట్టి న్యాయము కాదు.

ఆలస్యమెందుకు? ఇది రెండు తాళముల పెట్టె. పోవు చోట ఖాళీ యుండవలె. విడుచు చోట మారు మనిషి రావలె. తిరుపతివంటి చోటు అందరు కోరునది, ఖాళీ అరుదు. విడుచు డివిజనులోనా, మనుష్యులు ఎప్పుడును చాలరు. అసిస్టెంటును ఒక్క దినములో తయారుచేయలేరు: పరీక్షలు, కంటిచూపునకు అన్నిటికంటె కఠినమైన ఏ-1 తరగతి వైద్యపరీక్ష, శిక్షణ, పిమ్మట పాత డ్రైవరు ప్రక్కన దారి నేర్చుట. పైగా నియామకములు వానలవలె వచ్చును. ఒక యేడు కుంభవృష్టి, కొన్నేండ్లు కరవు. 2018 ప్రకటన తరువాత అసిస్టెంట్లకై మరల పిలుపు వచ్చినది 2024లో. మొదట 5,696 ఉద్యోగములని చెప్పి, పిదప ఆ సంఖ్యను 18,799కి పెంచిరి. 2025లో మరి 9,970కి ప్రకటించిరి. నడుమ ఆరేండ్లు క్రొత్తవారు లేనిచో, పాతవారిని విడుచుటకు ఏ అధికారికి చేతులు వచ్చును? బండ్లు ఆగరాదు గదా. అధికారి మొండివాడని డ్రైవరు తలచును. డ్రైవరు పని యెరుగడని అధికారి తలచును. ఇద్దరును ఒకే ఖాళీ పట్టికను రెండు వైపులనుండి చూచుచున్నారు.

ఈ పెట్టెకు దొంగదారి కాదు గాని, ఒక ప్రక్కదారి కలదు. అది పరస్పర బదిలీ. ఇక్కడివాడు అక్కడికి, అక్కడివాడు ఇక్కడికి. ఖాళీ సమస్యయే లేదు. ఒకే శ్రేణివారు కావలెను. వరుస సంగతి యేమి? ఇద్దరి స్థానములలో ఏది తక్కువదో అది. 2012లో ఆ శ్రేణికి వచ్చినవాడు 2017లో వచ్చినవానితో మార్చుకొన్నచో, మొదటివాడు 2017 వాని స్థానమునకు దిగును. రెండవవాడు తన 2017 తేదీతోనే నుండును, పైకి రాడు. అనగా పెద్దవాడు ఐదేండ్లు వదలుకొనును, చిన్నవానికి ఒరుగునదేమియు లేదు, ఊరు తప్ప. ఆ ఊరికొరకే ఇద్దరును సిద్ధపడుదురు. జత దొరకుట సులభము కాదు. మునుపు రన్నింగ్ రూముల గోడలకు చీటీలు అంటించి వెదకెడివారు. నేడు ఫోనులలో వెదకుచున్నారు. బీహారువాడెవడైన గుంతకల్లు డివిజనులో నున్నాడా యని రాయలసీమవాడు, రాయలసీమవాడెవడైన తన యూరిలో నున్నాడా యని బీహారువాడు. ఇట్టి వెదకులాటలో పెండ్లిసంబంధములకున్నంత శ్రమ కలదు.

భార్యాభర్తలిద్దరును ఉద్యోగులైనచో వీలైనంతవరకు ఒకేచోట నుంచవలెనను ప్రభుత్వ విధానము వేరుగా కలదు. 'వీలైనంతవరకు' అను మాట అందులో పెద్దది. దరఖాస్తులిప్పుడు కాగితముపై గాక కంప్యూటరు ద్వారా పోవుచున్నవి. తన దరఖాస్తు ఏ బల్లపై నున్నదో ఉద్యోగి చూచుకొనవచ్చును. ఇది మంచి మార్పు. కదలికను చూచుట వేరు, కదలుట వేరు అని డ్రైవర్లు నవ్వుదురు.

బదిలీ యైనంతమాత్రమున మరునాడే బండి చేతికియ్యరు. క్రొత్త దారిలో ఏ సిగ్నలు ఏ వంపు చాటున నున్నదో, ఎచ్చట ఎక్కుడు, ఎచ్చట దిగుడు, ఏ గేటు వద్ద ఈల వేయవలెనో పగలును రాత్రియు తిరిగి నేర్చుకొనవలెను. సాధారణముగా మూడు నెలలు ఒక దారిని విడిచినవాడు మరల ఆ దారి నేర్చినపిమ్మటనే ఒంటరిగా నడుపవలెను. డ్రైవరు విద్యలో సగము ఇంజనులో నున్నది, సగము ఆ నేలలో నున్నది. ఉత్తరదేశపు బొగ్గుదారిలో ఆరితేరినవాడు పాకాల, పీలేరు వంపులలో మరల విద్యార్థియే.

మహానగరముల మెట్రోలలో ఈ బాధ వేరు రూపున కనబడును. లండను భూగర్భరైల్వేలో డ్రైవరు ఒక లైనునకు, అందులోని ఒక డిపోకు చెందియుండును. ఇంటికి దగ్గరి లైను కావలెనన్నచో పేరు వ్రాయించుకొని వంతు కొరకు వేచి, దొరకినపిదప ఆ లైనుబండిని, దారిని క్రొత్తగా నేర్చును. న్యూయార్కులో సర్వీసు వరుసనుబట్టి ఎవరి పని వారు ఏరుకొను పద్ధతి కలదు. పెద్దవాడు మొదట ఏరుకొనును, మిగిలినది చిన్నవానికి. 2017 నవంబరులో మొదలైన హైదరాబాదు మెట్రోకు ఉప్పలులో ఒకటి, మియాపూరులో ఒకటి డిపోలు. అచ్చట తగవు పట్టణమునకు ఈ కొసయా ఆ కొసయా అను గంట ప్రయాణపు తగవు. మనవారి తగవు రాత్రంతయు ప్రయాణము.

తిరుపతి వైపు పని పెరుగు సూచనలు కలవు. తిరుపతి, పాకాల, కాట్పాడి నడుమ 104 కిలోమీటర్ల ఒంటిదారిని సుమారు 1,332 కోట్ల రూపాయలతో జంటదారి చేయుటకు 2025 ఏప్రిలులో కేంద్ర మంత్రివర్గము అంగీకరించినది. జంటదారిపై బండ్లు పెరుగును. బండ్లు పెరిగినచో డ్రైవర్లు కావలెను. అప్పుడు రిజిస్టరు కొంత కదలవచ్చునని పేరున్నవారి ఆశ.

జోను మార్పు సంగతి ఇంకొకటి. 2019 ఫిబ్రవరిలో విశాఖపట్టణము ముఖ్యస్థానముగా దక్షిణ కోస్తా రైల్వేను ప్రకటించిరి. గుంతకల్లు, గుంటూరు, విజయవాడ డివిజనులు అందు చేరవలెనని నిర్ణయము. ఆ గీత ప్రకారము గూడూరువాడును రేణిగుంటవాడును ఒకే రైల్వేలో నుందురు; డివిజనులు వేరుగనుక వరుస కొసన నిలుచుట వారికి తప్పదు. సికింద్రాబాదు, హైదరాబాదు డివిజనులలో పనిచేయు తిరుపతివారికి మాత్రము చిక్కు పెరుగును. మునుపు వారు కోరినది ఒకే రైల్వేలో డివిజను మార్పు. క్రొత్త గీత అడ్డుపడిన పిదప అదే కోరిక రైల్వే దాటు కోరిక యగును; గూడ్సు డ్రైవరైనవానికి అసిస్టెంటు కుర్చీ ప్రశ్న అచ్చటనే ఎదురగును.